ఇరవై ఆరు, ఒకటి

ఆ ఓటు వేసింది నేనే. ముందే చెప్పేస్తున్నాను. చెప్పాల్సిన రోజుల్లో నోరు విప్పలేదు. ఇప్పుడు చివరిదాకా దాచిపెట్టి మీ దగ్గర మెప్పు కొట్టేయడానికి నాకు మొహం చెల్లదు.

అది ఎనభై ఏడు ఫిబ్రవరి. మా ఇనిష్‌బ్రెన్ దీవిలో ఓటున్నవాళ్ళం మొత్తం ఇరవై ఏడుగురం. నాకు ఇరవై రెండేళ్ళు, అదే మొదటి ఓటు. అమ్మ పోయి అప్పటికి పదేళ్ళు. అన్నలిద్దరూ లండన్‌లో ఇళ్ళకి రంగులేస్తున్నారు. ఇంట్లో నేనూ నాన్నా మిగిలాం. గోడ పక్క ఇల్లు ఫెస్టస్ బాబాయిది. ఆయన పెళ్ళి చేసుకోలేదు, వంటా చేసుకోడు. రెండు పూటలా మా బల్ల దగ్గరే తినేవాడు. టపా పడవ ఆయనదే. వారానికి మూడుసార్లు అవతలి రేవుకి వెళ్ళి ఉత్తరాలూ, పిండి బస్తాలూ, గ్యాసు బండలూ, నెలకోసారి పూజ చెప్పడానికి ఫాదర్‌నీ తెచ్చేవాడు.

నాన్న పేరు కోల్మన్. పీతల బుట్టలు వేసేవాడు, బంగాళాదుంపలు పండించేవాడు. కానీ నువ్వేం చేస్తావయ్యా అని ఎవరైనా అడిగితే ఆ రెండూ ఎత్తేవాడు కాదు. "పార్టీకి లెక్క పడతాను" అనేవాడు.

ఆ లెక్క సంగతి చెప్పాలి. ఓట్ల పెట్టెలు టౌన్ హాల్లో తెరుస్తారు. అధికారులు ఒక్కో కాగితం మడత విప్పి బల్ల మీద పరుస్తుంటే, నడుమెత్తు కటకటాలకి ఇవతల పార్టీల మనుషులు మెడలు సాచి చూస్తుంటారు. ఒకడు చూసి చెప్తాడు, పక్కవాడు గీత గీస్తాడు. అసలు ఫలితం ఏ సాయంత్రానికో వస్తే వీళ్ళ లెక్క భోజనాల వేళకే తేలిపోతుంది. ఏ పెట్టె ఏ ఊరిదో తెలుసు కాబట్టి ఏ ఊరు ఎటు వేసిందో కూడా తెలిసిపోతుంది. ఊరు చిన్నదైతే ఇల్లు తెలుస్తుంది. మాలాంటి దీవి అయితే మనిషే తెలుస్తాడు.

ముప్ఫై రెండులో మా తాత మొదలుపెట్టిన నోటు పుస్తకాలు, నాన్న యాభై ఒకటిలో అందుకున్నాడు. నియోజకవర్గంలో నూట పధ్నాలుగు పెట్టెలు. పెట్టెకో పేజీ, ఎన్నికకో వరస. చలికాలం వానలు పట్టుకున్నాయంటే వాటిని ముందేసుకుని నన్ను పరీక్షించేవాడు.

"నలభై ఎనిమిదిలో కిల్‌బ్రాన్ పెట్టె మనకి నూట నలభై, అటు అరవై. యాభై నాలుగులో తిరగబడింది. ఎందుకో చెప్పు?"

"బావి" అనేదాన్ని.

"అవును. తవ్విస్తామని తవ్వించలేదు. అరవై ఒకటిలో మళ్ళీ మనవైపొచ్చింది. ఎందుకు?"

"బావి తవ్వించారు."

"కాదే మొద్దూ! అటువాళ్ళ ఎంపీ ఆ ఊళ్ళో ముసలాడు పోతే శవం దగ్గరికి రాలేదు. బావి ఇప్పటికీ లేదు."

స్కూల్లో మాకు చెప్పిన చరిత్రలో కరువూ తిరుగుబాటూ ఉండేవి. నాన్న చరిత్రలో బావులూ, రోడ్లూ, ఆగిపోయిన పింఛన్లూ, ఎవరు ఎవరి చావుకి రాలేదన్నదీ ఉండేవి. ఇరవై రెండులో, ఇంగ్లీషువాళ్ళ పాలన పోతూనే, మా జనం రెండు ముక్కలై ఒకళ్ళనొకళ్ళు కాల్చుకున్నారు. తుపాకులు పక్కన పెట్టాక ఆ కోపాన్నే మడతపెట్టి పెట్టెల్లో వేస్తూ వచ్చారు, అంతే తేడా.

మా దీవి పెట్టె మాత్రం ఎన్నడూ తిరగలేదు. ముప్ఫై రెండులో మా పార్టీకి తొంభై ఆరు, అటు రెండు. ఆ రెండూ బళ్ళో మాస్టారివీ ఆయన భార్యవీ. వాళ్ళు దీవి వదిలాక అటు వైపు సున్నా. అరవై ఐదులో అరవై ఒకటి, సున్నా. డెబ్బై ఏడులో నలభై, సున్నా. మనుషులు తగ్గిపోతున్నా సున్నా చెక్కుచెదర్లేదు. ఆ సున్నా చూపించే నాన్న దీవికి టెలిఫోన్ తెచ్చాడు, కరెంటు తెచ్చాడు, రేవుకి మెట్లు కట్టించాడు. "ఇరవై ముప్ఫై ఓట్లకి ఎవడు భయపడతాడే? సున్నాకి భయపడతారు" అనేవాడు.

ఆ ఏడు దీవి పోస్టాఫీసు చూసే నాబ్లా అత్త దిగిపోతోంది. ఆ కుర్చీ దక్కాలంటే పార్టీ నోటిమాట కావాలి. టౌన్‌లో పార్టీ పనులన్నీ చక్కబెట్టే మార్టీ గ్లిన్ నాన్నకి మాటిచ్చాడు: "ఎప్పట్లా పెట్టె నిండుగా పట్రా కోల్మన్, కుర్చీ నీ కూతురిదే." అది రాకపోతే నేనూ లండన్ బండెక్కాల్సిందే, దీవిలో ఆడపిల్లకి ఇంకో పని లేదు. బాబాయ్ టపా పడవ కాంట్రాక్టు కాగితం కూడా ఏటా మే నెలలో గ్లిన్ మాట మీదే తిరగరాసేవాళ్ళు. మా ముగ్గురి కూడూ ఆ పెట్టెలోనే ఉందన్నమాట.

ఓట్లకి పది రోజుల ముందు, మధ్యాహ్నం పూట, బాబాయ్ నవ్వుతూ మా గుమ్మంలోకొచ్చాడు. వెనక ఒకావిడ, వర్షపు కోటు, మొహం పాలిపోయి ఉంది.

"అన్నయ్యా, చుట్టం వచ్చింది. దారి పొడుగునా చేపలకి భోజనాలు పెడుతూనే వచ్చింది పాపం. కాస్త టీ పొయ్యండి."

ఆవిడ నర్స్ కేహిల్. అటూ కాకుండా ఇటూ కాకుండా ఎన్నికల్లో సొంతంగా నిలబడింది. నాన్న ఆవిడకి మర్యాదగా కుర్చీ చూపించి, బాబాయిని గుమ్మం బయటికి లాగాడు.

"ఎవర్నిరా నువ్వు తెచ్చింది? బుద్ధుందా?"

"వాంతి చేసుకునేవాళ్ళకి పార్టీ ఉండదన్నయ్యా. టపా పడవ ఎవరెక్కితే వాళ్ళది."

"గ్లిన్‌కి తెలిస్తే?"

"తెలిస్తే వాణ్ణీ ఎక్కించుకుంటా. వాడికీ వాంతులే."

నాన్న మూతి ముడుచుకుని బుట్టలు చూసుకోవాలని రేవుకి వెళ్ళిపోయాడు. బాబాయ్ ఉత్తరాలు పంచడానికి వెళ్ళాడు. నేనూ ఆవిడా మిగిలాం.

"నీకేం కావాలమ్మాయ్?" అంది ఆవిడ.

"నాకా? టీ తాగేశాను."

"టీ కాదు. ఇక్కడ ఉంటున్నావు కదా, నీకేం కావాలి?"

"పోస్టాఫీసు" అన్నాను.

"అది మీ నాన్నకి కావాలి. నాకు దారిలో మీ బాబాయ్ చెప్పాడు. నీకేం కావాలి?"

నేను చెంచాతో ఖాళీ కప్పు తిప్పుతూ కూర్చున్నాను. ఆవిడ తొందరపెట్టలేదు. కాసేపయ్యాక లేచి కోటు తొడుక్కుంది. "ఇస్తానని కాదులే. నేను గెలవను కూడా. ఊరికే అడిగాను" అని, నా భుజం తట్టి వెళ్ళిపోయింది. మళ్ళీ సముద్రం, మళ్ళీ వాంతులు, అదంతా ఒక్క ఓటు కూడా రాని చోటు కోసం. నాకు ఏడుపొచ్చింది. ఎందుకో ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను. ఇరవై రెండేళ్ళలో ఆ ప్రశ్న నన్నెవరూ అడగలేదు, అదొక్కటే తెలుసు.

సముద్రం ఎప్పుడు ఎలా ఉంటుందో తెలీదు కాబట్టి దీవులవాళ్ళకి నాలుగు రోజులు ముందే పోలింగ్ పెడతారు. బాబాయే పెట్టెనీ, అధికారినీ, ఒక పోలీసునీ పడవలో తెచ్చి బడిలో దించాడు. పదకొండింటికల్లా దీవి మొత్తం ఓటేసేసింది. అయినా రాత్రిదాకా తెరిచే ఉంచాలట, అధికారీ పోలీసూ పేకాడుకుంటూ కూర్చున్నారు. మా దగ్గర ఓటంటే ముద్ర కాదు, పేర్ల పక్కన నచ్చిన వరసలో అంకెలు వెయ్యాలి. నాన్న బడి గుమ్మం దగ్గర నిలబడి లోపలికెళ్ళేవాళ్ళకి ఒకటే పాఠం చెప్తున్నాడు: "మనవాడి పక్కన ఒకటి వెయ్యండి. మన రెండోవాడికి రెండు. ఇక పెన్సిల్ కింద పెట్టేయండి."

నాతోనూ అదే అన్నాడు. నేను తలూపి లోపలికెళ్ళాను. ఆ చెక్క అరలో నిలబడితే ఎదురుగా గోడ, దారం కట్టిన పెన్సిలు, కాగితం. అంతే. లెక్క పడతారని నాకు తెలీదా? పుట్టినప్పట్నుంచీ తెలిసింది అదొక్కటే. కానీ ఆ ఒక్క నిమిషం నేను ఎవరి కూతుర్నీ కాననిపించింది. కేహిల్ పక్కన ఒకటి వేసి, మడిచి, పెట్టెలో పడేసి బయటికొచ్చాను. గాలి మొహానికి తగిలాక ఏం చేశానో తెలిసొచ్చింది.

"వేశావా?" అన్నాడు నాన్న.

"వేశాను."

"నా తల్లే!" అన్నాడు.

లెక్కల రోజున నేనూ టౌన్‌కి వెళ్ళాల్సొచ్చింది. నాన్న చెప్తే గీతలు గీసే మాతియస్ మామ మంచు మీద జారి చెయ్యి విరగ్గొట్టుకున్నాడు. "నువ్వు రావే, నీ రాత బాగుంటుంది" అన్నాడు నాన్న. రానని ఏ మొహంతో అంటాను? దారంతా దేవుణ్ణి వేడుకున్నాను, మా పెట్టె సముద్రంలో పడిపోయి ఉండాలని. దాన్ని తెచ్చింది బాబాయ్, ఆయన చేతుల్లోంచి గుడ్డు కూడా జారదు.

హాలంతా తడి కోట్ల వాసన. మా పెట్టె పదకొండున్నరకి తెరిచారు. నాన్న కటకటాల మీదికి వాలాడు. నేను ఆయన మోచేతి పక్కన అట్టా పెన్సిలూ పట్టుకుని నిలబడ్డాను.

"మనది" అన్నాడు. గీశాను. "మనది. మనది. మనది. మనది." ఐదింటికో కట్ట. కాగితం తీసిన చప్పుడు, నాన్న గొంతు, నా పెన్సిలు. నాలుగు కట్టలయ్యాయి. ఒకవేళ ఆ రోజు చెయ్యి తప్పి సరిగ్గానే వేశానేమో అని ఆశ పుట్టింది. "మనది" అన్నాడు నాన్న. ఆగిపోయాడు.

"నాన్నా?"

కాగితం బల్ల మీద మా వైపుకే తిరిగి ఉంది.

"గీయి" అన్నాడు చివరికి.

"ఎక్కడ?"

"కేహిల్ కింద గీయవే."

గీశాను. నా ఓటుని నేనే లెక్క కట్టాను. మిగిలిన ఐదూ మనవే. ఇరవై ఆరు, ఒకటి.

మార్టీ గ్లిన్‌కి ఇలాంటివి ఎలా వాసన కొడతాయో గానీ రెండు నిమిషాల్లో వచ్చేశాడు. పెద్ద పొట్ట, పెద్ద నవ్వు, అంతకంటే పెద్ద మర్యాద.

"ఏంటి కోల్మన్, మీ పెట్టెకి జలుబు చేసిందట?"

నాన్న నా చేతిలోంచి అట్ట తీసుకుని కాగితం మడిచాడు.

"ఒక్కటేలే" అన్నాడు గ్లిన్. "ఒక్కటికి మనవాడు ఓడిపోడు, మొదటి విడతలోనే గెలుస్తున్నాడు. కానీ తెలుసుకోవాలి కదా. ఎవరు?"

చెప్పెయ్, చెప్పెయ్, అంటోంది నా మనసు. నేను పెన్సిలు మొన చూస్తూ నిలబడ్డాను. నాన్న నా వైపు చూడలేదు. గోడ మీది గడియారం వైపు చూశాడు.

"మా తమ్ముడే" అన్నాడు. "ఆవిణ్ణి పడవలో తెచ్చింది వాడేగా."

"ఫెస్టసా?" గ్లిన్ నవ్వు సగం అయింది. "సొంత తమ్ముడి పేరు చెప్పడం చిన్న సంగతి కాదు. నువ్వు నికార్సయిన మనిషివి కోల్మన్." అని నాన్న భుజం మీద చెయ్యేసి నొక్కి వెళ్ళిపోయాడు.

బస్సులో చెప్పేద్దామనుకున్నాను. బస్సు దిగాక చెప్పేద్దామనుకున్నాను. రేవులో బాబాయ్ పడవతో సిద్ధంగా ఉన్నాడు.

"ఎన్ని అన్నయ్యా? ఇరవై ఏడేగా?"

"పడవ తియ్యి" అన్నాడు నాన్న.

దీవి చేరాక నాన్న "నువ్వు ఇంటికి పద, పడవ కట్టేసి వస్తాం" అన్నాడు. మా గుమ్మంలోంచి చూస్తే రేవు మీద ఇద్దరూ కనిపిస్తున్నారు. నాన్న మాట్లాడుతున్నాడు, బాబాయ్ వంగి తాడు చుడుతున్నాడు. చుట్టేసిన తాడే మళ్ళీ విప్పి చుట్టాడు.

నాన్న ఒక్కడే ఇంటికొచ్చాడు. బల్ల మీద నేను పెట్టిన మూడు పళ్ళేల్లో ఒకటి తీశాడు.

"బాబాయ్ రాడా?"

"ఇక రాడు."

పళ్ళెం చేత్తో పట్టుకుని అలాగే నిలబడి నా మొహంలోకి చూశాడు.

"నాన్నా..." అన్నాను.

"ఊఁ? చెప్పు."

"కూరలో ఉప్పు తగ్గింది. చూసి వేసుకోండి."

ఆయన పళ్ళెం అరలో పెట్టేశాడు.

ఆ రోజు నుంచి అన్నదమ్ములిద్దరి మధ్యా మాటల్లేవు. దారిలో ఎదురైతే నాన్న తల దించుకుని పోయేవాడు. అది చూసి దీవి కూడా అదే పట్టింది. ఆదివారం ప్రార్థనకి బాబాయ్ కూర్చున్న బల్ల మీదికి ఎవరూ వెళ్ళేవాళ్ళు కాదు. నాబ్లా అత్తొకతే, ఆవిడకి ఎవరి భయమూ లేదు, పోస్టాఫీసులో అందరి ముందూ అడిగేసింది.

"ఒరేయ్ ఫెస్టస్, నిజంగా నువ్వేనట్రా?"

"ఓటు రహస్యం నాబ్లా. నాక్కూడా చెప్పలేదు."

ఆయన కాదనలేదు. అదే నన్ను చంపింది. కాదని ఒక్క అరుపు అరిచి ఉంటే నేను బయటపడేదాన్నేమో. లేక దాంక్కునేదాన్నేమో, ఎవరికి తెలుసు? నా మీద నాకు అంత నమ్మకం లేదిప్పుడు.

మార్చిలో ఒక మధ్యాహ్నం, నాన్న దుంపల పొలంలో ఉండగా, వేడి వేడి రొట్టె గుడ్డలో చుట్టుకుని బాబాయ్ ఇంటికి వెళ్ళాను. ఈసారి చెప్పి తీరాలని ఒట్టు పెట్టుకునే వెళ్ళాను. ఆయన కిటికీ దగ్గర వల బాగుచేస్తున్నాడు. చిక్కిపోయాడు. పొయ్యి మీద మాడిన గిన్నె.

"రామ్మా ఊనా. ఏంటి, ఏదైనా చెబ్దామని వచ్చావా?"

"రొట్టె తెచ్చాను."

"రొట్టేనా?"

"రొట్టే."

ఆయన సూది ఆపి కాసేపు నన్నే చూశాడు. తర్వాత నవ్వాడు. "సరే అయితే, రొట్టే తింటాను" అన్నాడు. తింటుంటే నేను పక్కనే కూర్చున్నాను. ఇరవై నిమిషాలు. వల గురించి మాట్లాడాం.

నేనేం లెక్క వేసుకున్నానో కూడా చెప్తాను, సిగ్గు విడిచి. నేను చెప్తే పోస్టాఫీసు పోతుంది. చెప్పకపోతే బాబాయికి నాలుగు రోజులు మాటలు పడతాయి, జనం మర్చిపోతారు, ఆయన మళ్ళీ మా ఇంటికి భోజనానికొస్తాడు. పడవ జోలికి పోరులే అనుకున్నాను. ముప్ఫై ఏళ్ళుగా నడుపుతున్న మనిషిని తీసేసి ఎవర్ని పెడతారు? ఆ నీళ్ళు ఇంకెవరికి తెలుసు?

ఈస్టర్ వెళ్ళిన వారం నేను నాబ్లా అత్త దగ్గర ముద్రలు వెయ్యడం నేర్చుకుంటున్నాను. బాబాయ్ సంచీ తెచ్చి బల్ల మీద కుమ్మరించాడు. అందులో ఆయన పేరుకే ఒక ప్రభుత్వ కవరు.

"కళ్ళజోడు తేలేదు. చదివి పెట్టు నాబ్లా."

ఆవిడ విప్పి చదివింది. రెండోసారి చదివింది. "జూన్ ఒకటి నుంచి నీ పడవ అక్కర్లేదట్రా. వేరే మనిషిని పెట్టారట" అంది. ఆ వేరే మనిషి గ్లిన్ మేనల్లుడని తర్వాత తెలిసింది.

బాబాయ్ ఉత్తరాన్ని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పాడు. "చూశావా, నా ఉత్తరం నేనే మోసుకొచ్చాను. ఒక్క చుక్క తడవనివ్వలేదు" అన్నాడు.

ఎవరూ నవ్వలేదు. ఆయన నా వైపు తిరిగాడు. నేను తపాలా బిళ్ళలు చింపుతూ తల ఎత్తలేదు. వరసన పన్నెండు చింపాను, అవసరం లేకపోయినా ఇంకో వరస చింపాను. తలుపు మూసుకున్న చప్పుడు విన్నాక గానీ ఆపలేదు.

పది రోజులకి నా కాగితం వచ్చింది. అదీ ఆయన సంచీలోనే వచ్చింది. ఇంటి గుమ్మం దాకా తెచ్చి, లోపలికి రాకుండా చేతికిచ్చాడు. "ఇదిగో పోస్టుమాస్టరమ్మా" అన్నాడు. ఆ గొంతులో ఎత్తిపొడుపు కోసం వెతికాను, దొరకలేదు. నిజంగానే సంతోషపడుతున్నాడు. నాకు నేల చీలి అందులోకి పోతే బాగుండుననిపించింది. "థాంక్స్ బాబాయ్" అన్నాను.

మే నెలాఖర్న వెళ్ళిపోయాడు. యాభై ఆరేళ్ళ మనిషి, మా అన్నల్లాగే సముద్రం దాటి హడర్స్‌ఫీల్డ్‌లో రోడ్లు తవ్వడానికి. తన పడవ కొత్తవాడికి అమ్మేసి అదే పడవలో ప్రయాణికుడిగా కూర్చున్నాడు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలీక ఒళ్ళో పెట్టుకున్నాడు. రేవుకి నేనూ నాబ్లా అత్తా తప్ప ఎవరూ రాలేదు. పైన పొలంలో నాన్న పార పట్టుకుని నిలబడి ఉన్నాడు. తవ్వడం లేదు.

కొత్తవాడు మోటారు స్టార్ట్ చేశాక బాబాయ్ మళ్ళీ పడవ దిగి మెట్లెక్కి నా దగ్గరికొచ్చాడు.

"ఏమైనా చెప్పాలా ఊనా?"

ఇంత దగ్గరగా ఆయన మొహం. కళ్ళ చుట్టూ ఉప్పు ముడతలు. చెప్పడానికి రెండు మాటలు చాలు. నాబ్లా అత్త పక్కకి జరిగి సముద్రం వైపు తిరిగింది కూడా.

"జాగ్రత్త బాబాయ్" అన్నాను.

ఆయన ఇంకాసేపు నిలబడ్డాడు. "సరేనమ్మా" అని దిగి వెళ్ళిపోయాడు.

తర్వాత కథంతా అంకెలే. ఎనభై తొమ్మిదిలో ఇరవై ఐదు, సున్నా. తొంభై రెండులో ఇరవై రెండు, సున్నా. సున్నా తిరిగొచ్చింది, ఎందుకంటే నేను మళ్ళీ ఎన్నడూ చెయ్యి తప్పలేదు. తొంభై ఏడులో పద్దెనిమిది. ఆ మరుసటేడు హడర్స్‌ఫీల్డ్ నుంచి, బాబాయ్ గది అద్దెకున్న ఇంటావిడ ఉత్తరం రాసింది. నిద్రలోనే పోయాడట, అక్కడే పూడ్చారట. ఆ ఉత్తరానికి ముద్ర వేసి నేనే నాన్నకి అందించాను. ఆయన చదివి, జేబులో పెట్టుకుని, పీతల బుట్టలు ఎత్తడానికి వెళ్ళాడు. చీకటి పడేవేళకి ఖాళీ బుట్టలతో వచ్చాడు. ఎర వెయ్యడం మర్చిపోయానన్నాడు.

రెండు వేల పదకొండులో నియోజకవర్గమే తిరగబడింది. డెబ్బై తొమ్మిదేళ్ళుగా మా పార్టీ కూర్చున్న సీటు పోయింది. గ్లిన్ అప్పటికే చచ్చాడు, చూడలేదు. పదహారుకి దీవిలో మేం ఐదుగురం ఓటర్లం. అంత చిన్న పెట్టె తెరిస్తే ఎవరు ఎవరికేశారో తెలిసిపోతుందట, అందుకని మా కాగితాలు అవతలి ఊరి కాగితాల్లో కలిపేసి అప్పుడు విప్పుతామని అధికారులు కబురు పెట్టారు. ఆ కాగితం చదివి పోస్టాఫీసులో ఒక్కదాన్నే పిచ్చిదానిలా నవ్వాను. ఈ బుద్ధి ఇరవై తొమ్మిదేళ్ళ ముందు పుట్టలేకపోయిందా ఒక్కడికైనా?

నాన్న అవతలి రేవు ఊళ్ళో ముసలివాళ్ళని చూసుకునే చోట ఉన్నాడు. ఎనభై ఎనిమిదేళ్ళు, బుర్ర మాత్రం చెక్కుచెదర్లేదు. లెక్కల మర్నాడు వెళ్ళాను.

"ఎన్ని?" అన్నాడు, నేను కూర్చోకముందే.

"తెలీదు నాన్నా. కలిపేశారు. మన పెట్టె ఇక లేదు."

కిటికీ వైపు తిరిగాడు. నోటు పుస్తకాలు మంచం పక్క బీరువాలోనే ఉన్నాయి. వాటిలో రాయడానికి ఇక ఏమీ లేదు. దాచడానికి మాత్రం ఏముంది అనిపించింది నాకు.

"నాన్నా, ఎనభై ఏడులో ఆ ఓటు నాది."

"తెలుసు" అన్నాడు.

"ఎప్పట్నించి?"

"కాగితం విప్పగానే. ఒకటి వేసి కింద అడ్డగీత పెట్టేది దీవి మొత్తంలో నువ్వొక్కదానివే. కాన్వెంటులో నేర్పారు నీకు. మిగతా అందరివీ ఉత్త కర్రలే."

"మరి బాబాయ్ పేరెందుకు చెప్పారు?"

"నీ పేరు చెప్తే నువ్వు లండన్ పోయేదానివి. ఇద్దరు కొడుకులు పోయారు. నువ్వు కూడా పోతే..." ఆగాడు. "ఆ సాయంత్రమే వాడితో చెప్పేశాను, పడవ కడుతూ. పిల్లది వేసింది, నీ పేరు చెప్పానురా అన్నాను. పోన్లే అన్నయ్యా, మంచి పని చేశావన్నాడు."

"ఆయనకి తెలుసా?"

"తెలీక?"

"మరి మాటలెందుకు మానేశారు మీరిద్దరూ?"

"మాట్లాడుకుంటుంటే వాడే వేశాడని ఎవడు నమ్ముతాడే? కొన్నాళ్ళు అలా ఉందామనుకున్నాం. నువ్వు చెప్పేదాకా. ఊరికి కాదు, మాకు. నాకో వాడికో. చెప్పేస్తే ఇక ఇంట్లో తలుపేసుకుని ముగ్గురం కలిసి తిందాం అన్నాడు వాడు. ఈస్టర్ లోపు చెప్పేస్తుంది చూడన్నయ్యా, మంచి పిల్ల అన్నాడు."

"మీరే అడగొచ్చుగా!" అరిచేశాను. పక్క మంచం ముసలాయన తల తిప్పాడు. "ఒక్కసారి, ఒక్క మాట, నువ్వేనా అని అడగొచ్చుగా నాన్నా!"

నాన్న నన్ను వింతగా చూశాడు. తప్పు మాట విన్నట్టు.

"ఎవరికి ఓటేశావని నేను జన్మలో ఎవర్నీ అడగలేదే. కన్నకూతుర్ని అడుగుతానా?"

తిరుగు పడవలో తల కప్పుకుని కూర్చున్నాను. ఇంటికొచ్చి, బాబాయ్ నాకు పంపిన క్రిస్మస్ కార్డులు తీశాను. మొత్తం పదకొండు. నాన్నకి ఒక్కటీ రాయకుండా నాకే ఎందుకు రాస్తున్నాడా అనుకునేదాన్ని ఇన్నాళ్ళూ. పదకొండింట్లోనూ ఆ వంకర రాతలో ఒకటే ప్రశ్న ఉంది: ఏమ్మా ఊనా, విశేషాలేమైనా ఉన్నాయా? ప్రతి దానికీ మర్చిపోకుండా జవాబు రాశాను నేను. ఏం రాశానో నాకు బాగా గుర్తుంది. ఇక్కడ వానలు ఎక్కువగా ఉన్నాయి బాబాయ్, అక్కడెలా ఉంది, అని రాశాను.